ఎంపీసీ అన్నాక కూడా ఎంచుకోవాల్సినవి ఉంటాయి

పదో తరగతి పరీక్షలు అయ్యాయంటే చాలు, మా వీధిలో ఏ ఇంట్లో ఏ పిల్లవాడు ఉన్నాడో నాకంటే కాలేజీ పీఆర్వోలకే బాగా తెలుస్తుంది. వాళ్లు వచ్చి రంగుల కరపత్రాలు ఇచ్చి వెళ్లాక తల్లిదండ్రులు నా దగ్గరికొస్తారు. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి, ఏదో ఒకటి చెబుతానని. "ఇంజినీరింగే మాస్టారూ, ఎంపీసీ అనుకున్నాం. ఇక కాలేజీ ఏదో మీరు చెబితే సరిపోతుంది" అంటారు.

నాకు పేచీ అక్కడే. ఎంపీసీ అని నోటితో అనడానికి అరనిమిషం చాలు. ఏ బోర్డు, ఏ ఊరు, రెండో భాష ఏది, ఏ సెక్షను, అసలు ఇంటరా డిప్లొమానా అన్న అసలు నిర్ణయాలన్నీ దాని కింద ఉంటాయి. అవన్నీ దరఖాస్తు మీద పీఆర్వో పెన్నుతో టిక్కులై పడిపోతున్నాయి. తల్లిదండ్రులు సంతకం పెడుతున్నారు. ఆ టిక్కులు మీరే పెట్టుకోండి, అంతే నేను చెప్పేది. ఎలా పెట్టుకోవాలో నాకు తెలిసినంతలో కింద రాశాను.

1. మార్కు చూడకండి, రఫ్ నోటుబుక్ చూడండి

పదిలో లెక్కలకు 95 వచ్చాయంటే నేను ఏమీ అనను. రఫ్ పుస్తకం తెమ్మంటాను. గైడులో ఉన్న మెట్లే అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయా, లేక కొట్టివేతలు, రెండో దారిలో చేసిన ప్రయత్నాలు ఉన్నాయా చూస్తాను. కొట్టివేతలున్న పిల్లవాడికి 80 వచ్చినా ఎంపీసీకి భయం లేదు. ఇంటర్‌కి కావలసింది ముఖ్యంగా బీజగణితంలో చేయి తిరగడం. సమీకరణాన్ని అటూ ఇటూ మార్చి రాయడం, భిన్నాలకు జంకకపోవడం, త్రికోణమితిలో నాలుగైదు సూత్రాల నుంచి మిగిలినవి రాబట్టుకోవడం. ఈ మూడూ ఉంటే మిగిలింది మేం చెప్పుకోగలం.

సీబీఎస్‌ఈ బడిలో చదివేవాళ్లకు ఈ నిర్ణయం ఇంకా ముందే వస్తుంది. 2020 నుంచి అక్కడ పదో తరగతి లెక్కలు రెండు రకాలు: స్టాండర్డ్, బేసిక్. తేలిగ్గా ఉంటుందని బేసిక్ రాయించి, ఆ తర్వాత పదకొండులో లెక్కలు కావాలంటే చిక్కే. మధ్యలో కొన్నేళ్లు సడలింపులు ఇచ్చారు గానీ, వాటిని నమ్ముకుని పిల్లవాణ్ణి బేసిక్‌లో కూర్చోబెట్టకండి. ఇంజినీరింగ్ ఆలోచన ఉంటే స్టాండర్డే.

2. 'వెయిటేజీ లేని చాప్టరు' అన్న మాట నమ్మకండి

దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను. నేను బతికిందే ఈ చాప్టర్లతో.

రాష్ట్ర ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎంసెట్ 1986లో మొదలైంది. ఆ తర్వాత కొన్నేళ్లకే మా ఇంటర్ లెక్కల పుస్తకాలు బిట్ల పుస్తకాలైపోయాయి. ఏ చాప్టరు నుంచి ఎన్ని బిట్లు వస్తాయో పట్టికలు వేసి, తక్కువ వచ్చేవాటిని వదిలేయమని చెప్పే పద్ధతి పెరిగింది. పరీక్షలో 160 బిట్లకు 180 నిమిషాలు. లెక్కలు 80, భౌతికం 40, రసాయనం 40. నెగెటివ్ మార్కులు లేవు. ఒక్కో బిట్టుకు నిమిషం మీద ఏడెనిమిది సెకన్లు. అంత వేగం కావాలంటే అడ్డదారి సూత్రాలు తప్పవు, ఒప్పుకుంటాను. వాటిని నేనూ చెప్పాను. కానీ ర్యాంకు వచ్చి బీటెక్‌లో చేరిన పిల్లవాడు మొదటి సెమిస్టర్‌లో ఎం1 అనే లెక్కల పేపరు తప్పి, సెలవుల్లో మళ్లీ నా దగ్గరికి రావడం ఏటా చూసేవాణ్ణి. వాడికి తెలియనిది ఎం1 కాదు. ఇంటర్‌లో వదిలేసిందే.

ఏది ఎక్కడ పనికొస్తుందో చూడండి. ఇంటర్ రెండో ఏడు 2ఏ పేపరులో పాక్షిక భిన్నాలు అని చిన్న చాప్టరు ఉండేది. పిల్లలకు దాన్ని చూస్తే విసుగు. అది రాకపోతే 2బీలో సమాకలనం సగం కదలదు. బీటెక్‌లో లాప్లాస్ పరివర్తనలు చేసి విలోమం రాబట్టేటప్పుడు మళ్లీ అదే. సంకీర్ణ సంఖ్యలు, డిమావర్ సిద్ధాంతం 'బొమ్మలు లేని చాప్టర్లు' అనేవాళ్లు మా పిల్లలు. ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ తీసుకున్నవాడు ఏసీ సర్క్యూట్లు మొదటిరోజు నుంచీ వాటితోనే చేయాలి. 1ఏలో మాత్రికలు కంప్యూటర్ సైన్సువాడికి, సదిశల లబ్ధాలు మెకానిక్స్ చదివే సివిల్, మెకానికల్ వాళ్లకు. 1బీలో అవకలనం, 2బీ చివర్లో అవకలన సమీకరణాలు అన్ని బ్రాంచీలకూ. సంభావ్యత అంటే పాచికలు, పేకముక్కలు అని నవ్వుకున్నవాళ్లే ఇప్పుడు డేటా సైన్సు అంటూ మళ్లీ అక్కడికే వస్తున్నారు.

అందుకని కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు ఏసీ గదులు, డిజిటల్ బోర్డులు చూసి తిరిగి రాకండి. రెండో సంవత్సరం పిల్లవాడిది లెక్కల నోటుబుక్ ఒకటి అడిగి తెరవండి. మీకు లెక్కలు రాకపోయినా ఫరవాలేదు. ప్రతి పేజీలోనూ సూత్రం, దాని కింద జవాబు మాత్రమే ఉంటే అక్కడ బిట్లు చెబుతున్నారు. ఆ సూత్రం ఎలా వచ్చిందో రాసిన పేజీలు కనిపిస్తే అక్కడ ఎవరో మాస్టారు ఉన్నారు.

ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 నుంచి ఈ ఏ, బీ పేపర్లు కలిపి ఒకటే లెక్కల పేపరు చేశారు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలూ తెచ్చారు. పేర్లు మారాయి గానీ బీటెక్ అడిగేది మారలేదు.

3. రెండో భాష దగ్గర మోసపోతున్నారు

ఇది చెబితే కొందరికి కోపం. ఇంటర్‌లో రెండో భాషగా సంస్కృతం తీసుకుంటే నూటికి 98, 99 వస్తాయని పిల్లలందరినీ అటే తోస్తున్నారు. చాలా కాలేజీల్లో తెలుగు సెక్షనే లేదు. 'తెలుగు కావాలి' అని అడిగిన పిల్లవాణ్ణి వింతగా చూస్తున్నారు.

లెక్కల మనిషిని కాబట్టి లెక్కే చెబుతాను. ఇంజినీరింగ్ ర్యాంకులో భాష మార్కులు కలవవు. తెలంగాణలో 2023 నుంచి ఇంటర్ మార్కుల వెయిటేజీనే ఎత్తేశారు, అక్కడ ర్యాంకు పూర్తిగా ప్రవేశ పరీక్షదే. ఆంధ్రప్రదేశ్‌లో 25 శాతం వెయిటేజీ ఉన్నా అది గ్రూపు సబ్జెక్టులకే. పాత పద్ధతిలో లెక్కలకు 300, భౌతికం 150, రసాయనం 150, మొత్తం 600. ఆ 25 శాతం లెక్కన ఇంటర్‌లో గ్రూపు మార్కులు పదకొండు పోతే ప్రవేశ పరీక్షలో ఒక బిట్టు పోయినదానితో సమానం. సంస్కృతంలో అదనంగా వచ్చే పదిహేను మార్కులకు ఆ లెక్కలో చోటే లేదు. వెయ్యికి 985 అని ఫ్లెక్సీ మీద వేయించుకోవడానికి పనికొస్తాయి. ఆ ఫ్లెక్సీ కాలేజీది, మీది కాదు.

జేఈఈ ద్వారా ఎన్‌ఐటీలో చేరాలంటే ఇంటర్‌లో 75 శాతం, లేదా బోర్డులో మొదటి 20 పర్సంటైల్‌లో ఉండాలి. ఆ 75 శాతంలో ఒక భాష ఉంటుంది, నిజమే. అయితే తెలుగు ఇంట్లో పుట్టి తెలుగులో 75 తెచ్చుకోలేనివాడు భౌతికశాస్త్రంలో తెచ్చుకుంటాడా? సంస్కృతం మీద ప్రేమతో చదివితే నమస్కారం పెడతాను. సంస్కృతం పరీక్షలో జవాబులు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి బయటపడే చదువును సంస్కృతం అనలేను.

4. ఊరు మారితే స్థానికత మారవచ్చు

నన్నడిగితే, తల్లిదండ్రులు అందరికంటే ఆలస్యంగా తెలుసుకునే సంగతి ఇదే. సీటు వచ్చే రోజున, సర్టిఫికెట్ల పరిశీలనలో బయటపడుతుంది.

రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో ఇచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం రాష్ట్ర కాలేజీల్లో 85 శాతం సీట్లు స్థానికులకు. స్థానికుడంటే తాతముత్తాతల ఊరు కాదు, చదివిన ఊరు. ఇంటర్ రెండో ఏడుతో ముగిసే నాలుగేళ్లు వరసగా ఒకే ప్రాంతంలో చదివితే ఆ ప్రాంతం స్థానికుడు. అలా కుదరకపోతే చివరి ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివాడో చూస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతం, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతం అని రెండు. శ్రీకాకుళం నుంచి పాత ప్రకాశం జిల్లా దాకా మొదటిది, రాయలసీమ జిల్లాలూ నెల్లూరూ రెండోది.

కర్నూలు పిల్లవాడు పది దాకా సొంత ఊళ్లో చదివి, ఇంటర్‌కి విజయవాడ హాస్టల్లో చేరాడనుకోండి. నాలుగేళ్లు ఒకచోట లేవు. ఏడేళ్లలో ఆరు నుంచి పది దాకా అయిదేళ్లు కర్నూల్లోనే. కాబట్టి రాయలసీమకే స్థానికుడు. అదే పిల్లవాణ్ణి 'ఫౌండేషన్' అని తొమ్మిదో తరగతిలోనే విజయవాడ తీసుకెళ్తే తొమ్మిది, పది, ఇంటర్ కలిపి సరిగ్గా నాలుగేళ్లు అక్కడ అవుతాయి. అప్పుడు వాడు ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతం వాడు. ఇంటి పక్కన అనంతపురం జేఎన్‌టీయూలో స్థానికేతరుడు. రెండేళ్లు ముందు కదలడమే తేడా. లాభమా నష్టమా అన్నది ర్యాంకును బట్టి, కోరుకునే కాలేజీని బట్టి ఉంటుంది. తెలిసి మారితే అది నిర్ణయం, తెలియక మారితే కాదు. హైదరాబాద్ పంపేవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి: రెండు రాష్ట్రాల ఉమ్మడి ప్రవేశాలకు విభజన చట్టం ఇచ్చిన పదేళ్ల గడువు 2024 జూన్‌తో అయిపోయింది. పక్కింటివాళ్ల పెద్దబ్బాయికి ఎలా వచ్చిందో అలాగే మనకూ వస్తుందనుకోకండి.

జేఈఈది మరో లెక్క. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రంవాళ్లకు. ఆ సొంత రాష్ట్రం ఏదన్నది పన్నెండో తరగతి పాసైన చోటును బట్టి తేలుతుంది. కోచింగ్‌కని కోటా ఊరు వెళ్లి అక్కడే పన్నెండు పాసైన మన పిల్లవాడు రాజస్థాన్ లెక్కలోకి పోతాడు. వరంగల్ ఎన్‌ఐటీలోగానీ తాడేపల్లిగూడెంలోగానీ సొంత రాష్ట్రం సీటు అడగలేడు. ఈమధ్య ఒక బంధువు, ఆయన భార్య కోటా గురించి నా ముందే వాదులాడుకుంటుంటే ఈ సంగతి చెప్పాను. ఆయన, "అలాగా బాబాయ్! మాకు పీఆర్వో ఆ మాటే చెప్పలేదే" అన్నాడు. వాడెందుకు చెబుతాడురా, వాడి జీతం వరంగల్ సీటు మీద ఆధారపడి లేదు అన్నాను.

5. జేఈఈ సెక్షనా, ఎంసెట్ సెక్షనా

జేఈఈ మెయిన్‌లో మూడు గంటలకు 75 ప్రశ్నలు. తప్పు రాస్తే ఒక మార్కు పోతుంది. ఒక్కోదానికి రెండు నిమిషాల 24 సెకన్లు దొరుకుతాయి. అంటే ఆలోచించనిస్తుంది, తప్పితే శిక్షిస్తుంది. ఎంసెట్ ఆలోచించనివ్వదు, తప్పినా శిక్షించదు. ఒకే సిలబస్సులా కనిపించినా రెండూ వేరువేరు స్వభావాలు కోరతాయి. నిదానంగా, గట్టిగా చేసే పిల్లలు ఎంసెట్ మాక్ టెస్టుల్లో వెనకబడి, తమకు తెలివి లేదని కుంగిపోవడం చూశాను. చురుగ్గా, తొందరగా చేసే పిల్లలు జేఈఈ సెక్షనులో నెగెటివ్‌లతో నలిగిపోవడమూ చూశాను.

జేఈఈ సెక్షన్లలో ఇంకో చిక్కుంది. చేరిన కొన్ని నెలలకు వడపోత మొదలవుతుంది. పై సెక్షనుకు మంచి మాస్టార్లు, కింది సెక్షన్లకు అప్పుడే చదువు ముగించి వచ్చిన కుర్రాళ్లు. ఫీజు మాత్రం ఒకటే. చేర్చే ముందే అడగండి: పై సెక్షనులోంచి జారితే మా పిల్లవాడికి ఎవరు చెబుతారు? ఆ మాస్టారి పేరు చెప్పలేకపోతే అక్కడ చేర్చకండి. నా సలహా మొరటుగా ఉంటుంది: పిల్లవాడు తనంతట తాను కష్టమైన లెక్క పట్టుకుని గంటసేపు కూర్చునే రకమైతే జేఈఈ. కాకపోతే రాష్ట్ర పరీక్షకు నిదానంగా తయారవడమే మేలు. మన రాష్ట్రాల్లో ప్రైవేటు కాలేజీల్లోనూ 70 శాతం సీట్లు కన్వీనర్ కోటాలోనే ఉంటాయి. దానికేం నామోషీ లేదు.

6. డిప్లొమా తక్కువ కాదు, ట్రిపుల్ ఐటీ అందరికీ కాదు

ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు, కలిపి ఆరు. పాలిసెట్ రాసి డిప్లొమా మూడేళ్లు చేసి, ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరితే అక్కడ మూడేళ్లు, అదీ ఆరే. ఈ కూడిక చేసి చూపించేదాకా చాలామంది డిప్లొమా అంటే ఏళ్లు వృథా అనుకుంటారు. చేత్తో పనిచేసి నేర్చుకునే పిల్లలకు, ఇంట్లో డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. మధ్యలో ఆగాల్సి వచ్చినా డిప్లొమాకు ఉద్యోగం ఉంది. రైల్వేలో జూనియర్ ఇంజినీరు, రాష్ట్ర శాఖల్లో ఏఈ పోస్టులకు అర్హత ఉంటుంది. ఇంటర్ మధ్యలో ఆగితే చేతిలో ఏముంది?

లోపమూ చెప్పాలి. ఈసెట్ సీట్లు తక్కువ. ఈసెట్ 200 మార్కుల్లో లెక్కలకు 50, సొంత ఇంజినీరింగ్ సబ్జెక్టుకు 100. రెండో ఏడులో కూర్చున్నాక, మొదటి ఏడు ఎం1, ఎం2 చదివినవాళ్ల పక్కన కలనగణితంలో తడబడతారు. డిప్లొమా మూడో ఏడు సెలవుల్లో ఇంటర్ 2బీ పుస్తకం పట్టుకుని సమాకలనం సాధన చేసినవాళ్లకు ఆ తడబాటు ఉండదు.

2008లో పెట్టిన ఆర్‌జీయూకేటీ ట్రిపుల్ ఐటీలు బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మొదలయ్యాయి. పది మార్కులతో చేర్చుకుని ఆరేళ్లు చదివిస్తారు, మొదటి రెండేళ్లు ఇంటర్‌కి బదులు. ఎంసెట్ బెడద లేదు. పల్లెటూరి ప్రభుత్వ బడి పిల్లవాడికి ఇంతకంటే మంచి అవకాశం లేదు. అయితే పదిహేనేళ్లకే ఇల్లు వదిలి ఆరేళ్లు ఒకే ప్రాంగణంలో ఉండాలి. ఉండగలడో లేదో మీకే తెలుస్తుంది.

7. ఎంఈసీ, బైపీసీ వాళ్లకు

ఎంఈసీలో లెక్కలున్నాయి కదా, తర్వాత ఇంజినీరింగ్‌కి మారవచ్చని కొందరంటారు. మారలేరు. భౌతికశాస్త్రం లేదు. బైపీసీ వాళ్లకు బయోటెక్నాలజీలాంటి కొన్ని బీటెక్‌లు ఉన్నాయి, మిగిలిన ఇంజినీరింగ్ కావాలంటే లెక్కలు అదనంగా రాసి పాస్ కావాలి. 2021లో ఏఐసీటీఈ కొన్ని కోర్సులకు లెక్కలు తప్పనిసరి కాదన్నప్పుడు దేశమంతా గోల అయింది. ఆ వార్త పట్టుకుని ఎవరూ లెక్కలు వదలకండి. సీటు ఇచ్చేటప్పుడు కాకపోయినా, సెమిస్టర్ పరీక్షలో లెక్కలు అడుగుతారు.

8. ల్యాబు తాళం ఎక్కడుందో అడగండి

భౌతికం, రసాయనం ప్రాక్టికల్స్‌కు ముప్పయ్యేసి మార్కులు. చాలాచోట్ల జనవరి దాకా ల్యాబు తలుపు తీయరు. పరీక్షకు ముందు వారం రోజులు చూపించి ముగిస్తారు. మార్కులు ఎలాగూ పడతాయిలే అంటారు. నాకు మార్కుల బాధ కాదు. వెర్నియర్ కాలిపర్స్ చేత పట్టని పిల్లవాడు మెకానికల్ వర్క్‌షాపులో మొదటిరోజు ఎలా నిలబడతాడో చూశాను. లవణ విశ్లేషణ చేయని పిల్ల కెమికల్ ఇంజినీరింగ్‌లో చేరి వాసనకే బయటికి రావడమూ చూశాను. కాలేజీకి వెళ్లినప్పుడు ల్యాబు చూపించమనండి. తాళంచెవి కోసం వెతుకులాట మొదలైతే మీకు సమాధానం వచ్చేసినట్టే.

9. చేరే ముందు కాగితాలు

చేరే కాలేజీ పేరు, బోర్డులో నమోదయ్యే కాలేజీ పేరు ఒకటేనా? ఒకచోట చదివించి, హాల్‌టికెట్టు మరో కాలేజీ పేరున ఇచ్చేవాళ్లున్నారు. సీబీఎస్‌ఈ కూడా ఇలాంటి డమ్మీ ప్రవేశాలు, ఇతర అక్రమాల మీద 2024 మార్చిలో 20 బడుల గుర్తింపు రద్దు చేసింది. స్థానికత తేలేది స్టడీ సర్టిఫికెట్లతోనే కాబట్టి, ఆరో తరగతి నుంచి ప్రతి ఏటి సర్టిఫికెటూ మీ దగ్గర ఉంచుకోండి. మార్కుల మెమో ఒరిజినల్ కాలేజీకి ఇవ్వకండి, చూపించి నకలు ఇవ్వండి. ఒరిజినల్ వాళ్ల బీరువాలో ఉంటే, మధ్యలో వెళ్లిపోతామన్న పిల్లవాడికి రెండేళ్ల ఫీజు కట్టందే బయటికి దారి ఉండదు.

హాస్టల్లో వేస్తే నెలకొకసారి మీరే వెళ్లండి. ఫోన్లో 'బాగున్నాను' అన్న మాటను లెక్కలోకి తీసుకోకండి, ఎందుకంటే వార్డెను పక్కనే ఉంటాడు. ఇంటికొస్తానని మొదటిసారి అంటే సర్దిచెప్పండి. రెండోసారి అంటే వెళ్లి కూర్చుని వినండి. మూడోసారి అడిగితే తీసుకొచ్చేయండి. మొదటి ఏడు మధ్యలో వచ్చినా మన ఊరి ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చేర్చుకునే వీలుందేమో ప్రిన్సిపాల్‌ని అడగవచ్చు. కొన్ని పేపర్లు మళ్లీ రాయాల్సి వస్తే సప్లిమెంటరీ మే, జూన్ నెలల్లో ఉంటుంది. రుసుము కట్టడానికి ఇచ్చే గడువు మాత్రం చాలా తక్కువ. ఫలితాలు వచ్చిన రోజే కాలేజీకి వెళ్లి ఆఖరు తేదీ కనుక్కోండి.